ఈవేళ నీళ్ళు వదుల్తారంటావా?

"అమ్మాయ్, ఈవేళ నీళ్ళు వదుల్తారంటావా?"

సాయంకాలం అయిదయ్యేసరికి మా అత్తయ్యగారు అడిగే ప్రశ్న ఇది. మునిసిపల్ కుళాయి గురించి అనుకునేరు, కాదు. మా ఇంటికి రెండు వీధుల అవతలున్న పార్కులో ఫౌంటెన్ గురించి. మూడేళ్ళపాటు రోజూ ఇదే ప్రశ్న. రోజూ నాదీ ఒకటే సమాధానం. "ఏమో అత్తయ్యా, వెళ్తే తెలుస్తుంది." వెళ్ళేవాళ్ళం. నీళ్ళు వదిలేవారు కాదు. ఆవిడ కాసేపు ఆ ఎండిపోయిన తామరపువ్వు దిమ్మకేసి చూసి, చెంగుతో బెంచీ దులుపుకుని కూర్చునేవారు.

మాది గోదావరి జిల్లాలో ఓ మాదిరి పట్నం. పార్కూ ఓ మాదిరిదే. మధ్యలో పదహారడుగుల వెడల్పున గుండ్రటి తొట్టి, దాని నడుమ సిమెంటు తామరపువ్వు, చుట్టూ నాలుగు బెంచీలు. తూర్పువైపు బెంచీ మా అత్తయ్యగారిదీ, మామయ్యగారిదీ. రిజిస్ట్రేషనేమీ లేదనుకోండి. కానీ ఆరింటికి వాళ్ళిద్దరూ వస్తారని తెలిసి ఎవరూ అందులో కూర్చునేవారు కాదు. మామయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో నలభై ఏళ్ళపాటు పది మాటలకి మించి మాట్లాడుకోని ఆ ఇద్దరూ, ఆ నీళ్ళ చప్పుడులో మాత్రం ఏవేవో చెప్పుకునేవారు. "ఇంట్లో అయితే గోడలకి చెవులు. ఇక్కడ ఆ నీళ్ళ హోరులో పక్కవాళ్ళకి వినపడదు కదా" అన్నారొకసారి అత్తయ్యగారు నవ్వుతూ. ఫౌంటెన్ వల్ల ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఈ మాటే.

ముచ్చట ఆరు నెలలే కాదు

ఎనిమిదేళ్ళ కిందట ఈ ఫౌంటెన్‌కి ప్రారంభోత్సవం చేసినప్పుడు నేనూ పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. రంగు దీపాలు, సన్నాయి మేళం, రిబ్బను, ఉపన్యాసాలు. నీళ్ళు ఎగిసేసరికి పిల్లలంతా ఒక్కసారి "హో" అన్నారు. నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. హైదరాబాదులో మా పెదనాన్నగారింటికి సెలవులకి వెళ్ళినప్పుడు, హుస్సేన్ సాగర్ ఒడ్డున 1994లో వచ్చిన లుంబినీ పార్కుకి తీసుకెళ్ళారు. నీళ్ళకి రంగులుంటాయని అప్పుడే మొదటిసారి చూడటం. ఇంటికొచ్చి బకెట్లో మా అమ్మ చీరల పసుపు కలిపి చావుదెబ్బలు తిన్నాను.

సామాన్యంగా ఇలాంటివి ఆరు నెలల ముచ్చట అంటారు. మా ఫౌంటెన్ అలా కాదు, నాలుగైదేళ్ళు బుద్ధిగా నడిచింది. దానికి కారణం ఎవరో అప్పట్లో ఎవరికీ పట్టలేదు. అప్పటి తోటమాలి రిటైరయ్యాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకే నీళ్ళు వంకరగా పడటం, తర్వాత సగం ఎత్తుకే లేవటం, ఆ తర్వాత మోటారు మూలగటం, చివరికి ఆగిపోవటం వరసగా జరిగిపోయాయి. ఆ వైపు దీపాలు కూడా ఫౌంటెన్ లైను మీదే ఉన్నాయట. ఇదాగితే అవీ ఆగిపోయాయి.

చీకటి పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? మొదట ఆడపిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తూ కాసేపు ఆగే తల్లులు మానేశారు. తర్వాత నడకకొచ్చే టీచరమ్మలు గేటు దగ్గరే చుట్టు తిరిగి వెళ్ళిపోవటం మొదలుపెట్టారు. ఆ ఖాళీ బెంచీల మీదికి పేకముక్కలు వచ్చాయి, పేకముక్కల వెనకాల సీసాలు వచ్చాయి. ఒక మోటారు కాలిపోతే ఊళ్ళో ఆడవాళ్ళకున్న ఒక్క చోటూ పోతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

అర్జీ రాసింది నేనే

కిందటేడు వానల్లో మా పక్కవీధి అమ్మాయి కూతురికి జ్వరం వచ్చింది. రెండో తరగతి చదువుతున్న పిల్ల. నాలుగో రోజుకి డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని పెద్దాసుపత్రిలో పెట్టారు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ మా వీధుల్లో ఎవరి పొయ్యి మీదా అన్నం సరిగ్గా ఉడకలేదంటే నమ్మండి. దేవుడి దయవల్ల పిల్ల తేరుకుంది.

ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు ఆ అమ్మాయి తిన్నగా మా ఇంటికొచ్చి, "అక్కా, ఒకసారి నాతో రా" అంది. పార్కుకి తీసుకెళ్ళి ఫౌంటెన్ తొట్టిలోకి సెల్‌ఫోన్ లైటు వేసింది. మూరెడు లోతున వాననీళ్ళు, కుళ్ళిన ఆకులు, చిప్సు కాగితాలు. వాటి మధ్య తలకిందులుగా వేలాడుతూ, లైటు పడగానే వంకర్లు తిరుగుతూ లోపలికి దిగిపోతున్న పురుగులు. వందలు. "ఇక్కడే ఆడుకునేదక్కా నా కూతురు" అంది. ఆ పిల్లని కుట్టిన దోమ అక్కడే పుట్టిందని ఎవరూ చెప్పలేరు. పుట్టలేదనీ ఎవరూ చెప్పలేరు.

ఆ రాత్రే అర్జీ రాశాను. 'కథలు రాస్తుంది కదా, అర్జీ కూడా బాగా రాస్తుంది' అని మా వీధిలో నా మీదో నమ్మకం. తొట్టిని వెంటనే మట్టితో పూడ్చేయాలనీ, ప్రజాధనం, నీళ్ళు, కరెంటు ఇలాంటి ఆడంబరాల మీద వృథా చేయడం తగదనీ ఘాటుగానే రాశాను. మర్నాడు మధ్యాహ్నానికి నలభై ఆరు సంతకాలు వచ్చాయి.

నలభై ఏడోది మా ఇంట్లోనే ఆగిపోయింది. అత్తయ్యగారు కాగితం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నేను పెట్టను" అన్నారు.

నాకు కోపం వచ్చింది. పసిపిల్ల ప్రాణం మీదికొస్తే, ఈవిడకింకా ఆ బెంచీ, ఆ జ్ఞాపకాలూనా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు గాని మొహంలో కనిపించే ఉంటుంది. ఆవిడ నెమ్మదిగా అన్నారు. "నీళ్ళకుండ పాచి పడితే కుండ తోముతామా, కుండ పగలగొడతామా? తోమాల్సిన వాళ్ళని తోమమని అడక్కుండా, కుండే వద్దంటే ఎలా? ఇవాళ తొట్టి పూడ్పిస్తారు. రేపు వాననీళ్ళు ఉయ్యాల కింద గుంటలో నిలుస్తాయి. ఉయ్యాల పీకేయమంటారా?"

నా దగ్గర సమాధానం లేదు. అయినా అర్జీ ఇచ్చేశాం. చెప్పొద్దూ, నలభై ఆరు సంతకాలు పోగయ్యాక వెనక్కి తగ్గడం నాకు నామోషీ అనిపించింది.

తోటమాలి తాత చెప్పిన లెక్క

ఆఫీసులో అర్జీ తీసుకున్నారు, చూస్తామన్నారు. ఆ 'చూస్తాం' గడువులో నేనో పని చేశాను. రిటైరైన తోటమాలిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరి చివర కూతురింట్లో ఉంటున్నాడు. 'ఇన్నేళ్ళు నడిచిన ఫౌంటెన్ నువ్వు వెళ్ళగానే ఎందుకాగింది తాతా' అని అడిగితే నవ్వాడు. "అది యంత్రం కాదమ్మగారూ, ఆవులాంటిది. రోజూ చూడాల" అన్నాడు.

ఆయన చెప్పింది విన్నాక, మన వంటింటి పనికీ ఫౌంటెన్ పనికీ పెద్ద తేడా లేదనిపించింది. తొట్టిలో నీళ్ళనే మోటారు పీల్చుకుంటుంది, గొట్టంలోంచి పైకి తోస్తుంది, చివరనున్న సన్న మూతి, అదే నాజిల్, ఆ నీటిని చిమ్ముతుంది. పడిన నీళ్ళే మళ్ళీ పైకి. కొత్త నీళ్ళేవీ రావు. మోటారు మూతికి జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడకి ఒక్క ఆకు, ఒక్క పాలిథిన్ కవరు అడ్డం పడితే చాలు, నీళ్ళందక మోటారు వేడెక్కి కాలిపోతుంది. మా మోటారు సరిగ్గా అలాగే పోయిందట. ఆయన ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్న తొట్టిలో ఆకులు ఏరి జల్లెడ దులిపేవాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరిదీ కాకపోవడం వల్ల మోటారు పోయింది.

నాజిళ్ళ సంగతీ అంతే. మాది బోరు నీళ్ళ ఊరు. గీజరులో, స్టీలు కుళాయిల మీద తెల్లటి పొక్కు కట్టడం మనకి తెలుసు. నీళ్ళలోని సున్నం, లవణాలే అవి. నాజిల్ మూతిలోనూ అదే పేరుకుని రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడే నీళ్ళు వంకరగా పడతాయి. "నెలకోసారి నాజిళ్ళు విప్పి రాత్రంతా చింతపండు పులుసులో పడేసేవోణ్ణి, పొద్దున్నకి మెరిసిపోయేయి" అన్నాడు. ఇత్తడి చెంబులు తోముకునే మనకి ఇంతకన్నా విడమర్చి చెప్పాలా?

"మరి దోమలో?" అన్నాను. "నీళ్ళు కదుల్తుంటే దోమెక్కడ పెడతాదమ్మా గుడ్డు?" అని ఎదురడిగాడు. తర్వాత పుస్తకాల్లో చూస్తే ఆయన మాటే నిజం. దోమ పిల్లలు నిలకడ నీటి పైభాగానికొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. నీరు కదిలిపోతుంటే వాటికి నిలవడం కష్టం. డెంగ్యూ దోమ గుడ్డులోంచి రెక్కలొచ్చి ఎగరడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి నీళ్ళు తీసేసి తోమితే దాని వంశం అక్కడితో సరి. కానీ ఒక్క చిక్కుంది. ఈ దోమ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్ళు పారబోస్తే చాలదు, గోడల్ని బ్రష్షుతో రుద్దాలి.

అంటే నేను అర్జీలో రాసింది తలకిందులన్నమాట. నడిచే ఫౌంటెన్ కాదు జబ్బు. ఆగిపోయిన ఫౌంటెన్ జబ్బు.

రాజుగారి ఈల

ఇంటికొచ్చాక ఫౌంటెన్ల గురించి దొరికిందల్లా చదివాను. కాశ్మీరులో శ్రీనగర్ దగ్గర షాలిమార్ తోటని జహంగీరు చక్రవర్తి 1619లో వేయించాడు. అప్పుడు కరెంటు లేదు, మోటారు లేదు. కొండ మీంచి వచ్చే నీటిని మెట్లు మెట్లుగా కిందికి దింపి, ఆ దిగే వేగంతోనే ఫౌంటెన్లు ఎగిసేలా చేశారు. మేడ మీద ట్యాంకు నిండుగా ఉంటే కింది వాటా కుళాయిలో నీళ్ళు జోరుగా వస్తాయే, అదే సూత్రం. మన తెలుగు సినిమా పాటల్లో ఎన్నోసార్లు కనిపించిన మైసూరు బృందావన్ గార్డెన్స్ కూడా కృష్ణరాజసాగర్ ఆనకట్టని ఆనుకునే ఉంది. మైసూరు దివాను మిర్జా ఇస్మాయిల్ పూనుకుని, 1927లో మొదలుపెట్టించి 1932కి పూర్తి చేయించిన తోట అది.

హైదరాబాదులో నగలు కొనడానికి చార్మినార్ వైపు వెళ్ళినవాళ్ళంతా గుల్జార్ హౌజ్ చూసే ఉంటారు. నాలుగు కమాన్ల మధ్య, ఆటోల హారన్ల నడుమ ఉన్న ఆ నీటితొట్టి కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఊరికి నడిబొడ్డు ఎక్కడుండాలో గీసుకునేటప్పుడే అక్కడో నీటితొట్టి ఉండాలని ఆనాటివాళ్ళు అనుకున్నారంటే, అది ఆడంబరం మాత్రమే అయివుంటుందా?

వీటన్నిటిలోకీ నాకు నవ్వొచ్చినదీ, బాధ కలిగించినదీ ఫ్రాన్సు కథ. పదునాలుగో లూయీ తన వెర్సాయ్ కోటలో లెక్కలేనన్ని ఫౌంటెన్లు పెట్టించాడు. సీన్ నది నీళ్ళు పైకి తోడటానికి 14 పెద్ద చక్రాల యంత్రాన్ని కూడా కట్టించాడు. 1684 నాటి సంగతి. అయినా అన్నిటికీ ఒకేసారి నీళ్ళు చాలలేదు. అందుకని పనివాళ్ళు ఈలలేసుకునేవారట. రాజుగారు ఇటు వస్తున్నారు అని ఈల వినపడగానే ఈ ఫౌంటెన్ విప్పేవారు. ఆయన దాటగానే కట్టేసేవారు.

ఈ కథ చెబితే మా వారు పకపకా నవ్వారు. "మనకిది కొత్తా? కిందటి సంక్రాంతికి ఎవరో పెద్దాయన వస్తున్నాడని అద్దె మోటారు తెచ్చి గంటసేపు నడిపారుగా" అన్నారు. నిజమే. ఆ సాయంకాలం అత్తయ్యగారు పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి నీళ్ళు కట్టేశారు. తొట్టి అంచు మీద తడి మాత్రం మిగిలింది.

నీళ్ళు దండగా?

సరే, నడిపిస్తే దండగ మాటేమిటి? డిగ్రీలో చదువుకున్న సైన్సు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పదహారడుగుల తొట్టి, ఒకటిన్నర అడుగుల లోతు నీళ్ళు అంటే దాదాపు 8,500 లీటర్లు. ఇది ఒకసారి నింపే లెక్క. తర్వాత పోయేది ఆవిరయ్యేదీ, గాలికి చెదిరేదీ మాత్రమే. మండుటెండల్లో రోజుకి సెంటీమీటరు మట్టం తగ్గిందనుకున్నా 190 లీటర్లు. చెదిరే నీళ్ళు మరో అంత వేసుకుందాం. 400 లీటర్లలోపే. అదే పార్కులో వెయ్యి గజాల గడ్డికి అయిదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే నాలుగు వేల లీటర్ల పైమాట. గడ్డిని ఎవరూ దండగ అనరు, ఎందుకంటే గడ్డి తాగే నీళ్ళు కంటికి కనబడవు!

కరెంటు సంగతి చూస్తే, మూడు హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే రెండున్నర, మూడు యూనిట్లు. రెండు ఏసీలు గంట నడిచినంత. ఆ గంటలో రెండు గదులు కాదు, రెండు వీధుల జనం సేద దీరతారు.

చల్లదనం గురించి కూడా గొప్పలు పోకుండా చెప్పుకుందాం. ఒక లీటరు నీరు ఆవిరవ్వడానికి చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కునే వేడి తక్కువేం కాదు. దాదాపు ఎనిమిది లీటర్ల మామూలు నీళ్ళని మరుగు పట్టించేంత. మట్టికూజా చల్లబడేదీ ఇందువల్లే. అయితే మా కోస్తా ఉక్కలో, గాలికే బోలెడు తడి ఉన్నప్పుడు, ఆవిరవ్వడమూ తక్కువే, చల్లబడటమూ తక్కువే. ఆ ఫలితం పొడి ఎండలు కాసే ఊళ్ళకి ఎక్కువ. మరి మాకు దక్కేదేమిటి? ఆ చప్పుడు. రోడ్డు మీద హారన్ల మోతని కప్పేసి, పక్కన కూర్చున్న మనిషి మాటని మాత్రం మనకి మిగిల్చే చప్పుడు.

రెండో అర్జీ

నాలుగు రోజులు మథనపడి, నలభై ఆరుమంది ఇళ్ళకీ మళ్ళీ తిరిగాను. 'నేను రాసింది తప్పు, ఇంకోటి రాస్తాను' అని చెప్పడం ఎంత కష్టమో! చాలామంది ఒప్పుకున్నారు. "మీరే కదండీ దండగన్నారు?" అని ఇద్దరు ముగ్గురు దెప్పారు. ఆ మాత్రం పడాలి.

పక్కవీధి అమ్మాయి మాత్రం తలుపు దగ్గరే నిలబెట్టింది. "అక్కా, మీ అత్తగారి ముచ్చట కోసం మళ్ళీ ఆ నీళ్ళు పెట్టిస్తావా? ఇంకోసారి నా పిల్లకేమైనా అయితే నువ్వొస్తావా ఆసుపత్రికి?" అంది. ఆ మాటకి నేనేం చెప్పగలను? ఆ పదకొండు రోజులు గడిపింది తను. మాట్లాడకుండా వచ్చేశాను.

రెండో అర్జీలో మూడే అడిగాం. ఒకటి, ఈరోజే నీళ్ళు తోడేసి తొట్టి రుద్దించండి, బాగయ్యేదాకా పొడిగా ఉంచండి. రెండు, మోటారు, వైర్లు తెలిసినవాళ్ళతో చేయించండి. మూడు, రోజూ జల్లెడ తీసే మనిషెవరో పేరు రాసివ్వండి. అధికారి చదివి, "అమ్మా, కిందటి నెల పూడ్చమన్నారు, ఈ నెల నడపమంటున్నారు" అన్నారు. నా తల కిందికి దిగింది. పక్కనే ఉన్న అత్తయ్యగారు తగులుకున్నారు. "పూడ్చమన్నదీ చేయలేదు కదా బాబూ, ఇదైనా చెయ్యి!" ఆయనకీ నవ్వొచ్చింది. కట్టడానికి డబ్బు ఒకసారి వస్తుందిట, చూసుకోడానికి మాత్రం ఏ ఖాతాలోనూ రాయలేదుట. అసలు రోగం అక్కడుంది. పెళ్ళికి లక్షలు పోసి, మర్నాటి నుంచి కాపురానికి బియ్యం కొననట్లు.

తొట్టి రెండో రోజే కడిగించారు. మోటారుకి మాత్రం నాలుగు నెలలు పట్టింది, మేం ఆరుసార్లు తిరిగాం. పాత వైర్లు విప్పితే నీళ్ళకి జానెడు దూరంలో టేపు చుట్టిన అతుకు బయటపడింది. పిల్లలు చేతులు పెట్టి ఆడుకునే తొట్టి అది. ఎలక్ట్రీషియను దాన్ని చూపిస్తే మా గుండెలు ఝల్లుమన్నాయి. ఇప్పుడు నీళ్ళలో దీపాలకి 12 వోల్టులే. మోటారు లైనుకి కరెంటు కాస్త లీకైనా చటుక్కున కట్టేసే బ్రేకరు పెట్టారు.

ఇక పక్కవీధి అమ్మాయి సంగతి. మొదటిసారి నీళ్ళు నింపిన వారం తిరక్కుండానే శుక్రవారం పొద్దున్న పార్కులో కనిపించింది. చేతిలో టార్చిలైటు, తెల్లటి స్టీలు గరిటె. తొట్టి చుట్టూ తిరుగుతూ ఒక్కో చోట గరిటెతో నీళ్ళు తీసి వెలుతుర్లో చూస్తోంది. "ఎవర్నీ నమ్మనక్కా. నేనే చూస్తా. ఒక్క పురుగు కనిపించినా నా చేత్తో నేనే పూడుస్తా" అంది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పరీక్ష తనదే. ఆరోజు తొట్టి నీళ్ళు మొక్కలకి వదిలేసి, గోడలు రుద్ది, మళ్ళీ నింపుతారు. తను తలూపితేనే స్విచ్చి వేస్తారు. ఏ ఇంజనీరు సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు.

మీ పార్కులోనూ ఫౌంటెన్ ఉందా?

ఉంటే ఒకసారి వీటిని గమనించండి.

* నీళ్ళు నిలిచిపోయి ఉంటే మొదట అడగాల్సింది మరమ్మతు కాదు, నీళ్ళు తోడేయమని. మరమ్మతు ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఆలస్యం కాకూడదు.

* నీళ్ళు వంకరగా పడుతున్నా, ఎత్తు తగ్గినా నాజిల్ మూసుకుపోతోందనో, జల్లెడకి ఏదో అడ్డం పడిందనో అర్థం. ఆ దశలోనే చెబితే మోటారు దక్కుతుంది.

* నీటి ధార ఎంత ఎత్తు లేస్తే, తొట్టి అంచు దానికి కనీసం అంత దూరంలో ఉండాలి. లేకపోతే నీళ్ళు దారి మీద పడి పాచి పడుతుంది, పెద్దవాళ్ళు జారిపడతారు. చోటు చాలకపోతే ధార ఎత్తు తగ్గించమనండి.

* తేలాడే వైర్లు, మూతలేని స్విచ్చి బాక్సు కనిపిస్తే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. లీకేజీ బ్రేకరు ఉందా అని అడగండి. మనిషికి ప్రమాదం రాకుండా ఉండాలంటే అది 30 మిల్లీయాంపియర్ల దగ్గరే కట్టేసే రకం కావాలి.

* పాచి పట్టిన గోరువెచ్చటి నీళ్ళని తుంపరలుగా చిమ్మితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే సూక్ష్మజీవులూ గాల్లో కలవొచ్చు. 1976లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో బయటపడిన లీజియనీర్స్ జబ్బు అలాంటిదే. అందుకే చాన్నాళ్ళు ఆగిన ఫౌంటెన్‌ని పాత నీళ్ళతో నడపనివ్వకండి. కడిగి, కొత్త నీళ్ళు నింపి, తగుపాళ్ళలో క్లోరిన్ కలిపాకే నడపాలి.

* సబ్బు, షాంపూ పొట్లాలు అందులో వేయొద్దని పిల్లలకి చెప్పండి. నురగ చూడ్డానికి సరదాగానే ఉంటుంది, మోటారుకి కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, రోజూ ఆ పది నిమిషాల పని చేసే మనిషెవరో తెలుసుకోండి. పేరు పెట్టి పలకరించండి. మా తోటమాలి తాతని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మేమెవరం ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు.

ఇప్పుడు మా ఫౌంటెన్ మంగళ, శని, ఆదివారాల్లో సాయంకాలం అయిదున్నర నుంచి ఏడుదాకా నడుస్తోంది. దీపాలొచ్చాయి. పేకముక్కలు వాటంతటవే ఎటో వెళ్ళాయి. ట్యూషను తల్లులు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు.

మొదటిరోజు అత్తయ్యగార్ని తీసుకెళ్ళినప్పుడు ఏదో అంటారని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని కథలు రాసేదాన్ని కదా, నేనే ముందుగా ఊహించుకున్నాను. ఆవిడ చెంగుతో బెంచీ దులుపుకుని కూర్చున్నారు. చాలాసేపు నీళ్ళకేసి చూశారు. నేను కాస్త ఎడంగా, పడమటి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ పెదాలు కదులుతున్నట్టనిపించింది. ఏమంటున్నారో నాకు వినపడలేదు. నీళ్ళ చప్పుడు.

ఇంటికొస్తూ దారిలో అన్నారు. "అమ్మాయ్, ఆ ఎడమవైపు ధార కొంచెం వంకరగా పడుతోంది. రేపు వాళ్ళకి చెప్పు, చింతపండులో వెయ్యమని."